అందరి మొహాలూ కనబడేట్టు

ఆ సీను నా చేతే తీయించాలన్న ఆలోచన వాళ్ళది. నేను వెళ్ళి అడుక్కోలేదు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, పగబట్టి పనిలో దూరానని ఇప్పుడు ఊళ్ళో అంటున్నారట. పగ ఉన్న మాట నిజం. దూరిన మాట అబద్ధం.

మా ఊరు సత్తెనపల్లికీ రాజుపాలేనికీ మధ్య, పెద్దరోడ్డు దిగి లోపలికి పోవాలి. మా తాత ఆ ఊరికి మునసబు. మునసబుగిరీలు పోయాక కూడా ఊళ్ళో తగాదా వస్తే మా అరుగు మీదే తేలేది. తర్వాత కోర్టు వాజ్యాలు పొలాన్ని కొంచెం కొంచెంగా తినేశాయి. నాన్న చేతికి వచ్చేసరికి నాలుగెకరాల మిరప, ఒక పేరు మిగిలాయి. పెద్దరికం వేరే ఇంటికి మారింది. ఆ ఇంటాయన పంచాయతీ ప్రెసిడెంటు అయ్యాడు. పదవి దిగి ఎన్నేళ్ళయినా ఊరు ఇప్పటికీ ఆయన్ని ప్రెసిడెంటనే అంటుంది.

పంచాయతీ ఎన్నికల నెలలో, ప్రెసిడెంటుకి ఎదురు నిలబడ్డవాడి తరఫున పోలింగు బూతులో ఏజెంటుగా కూర్చుంటానని నాన్న మాట ఇచ్చాడు. అవి కల్లాల రోజులు. కోసిన మిరపకాయల్ని నేల మీద పరిచి ఎండబెడతారు, రాత్రిపూట ఎవరో ఒకరు కాపలా పడుకుంటారు. నాన్న కాపలా ఉన్న రాత్రి ప్రెసిడెంటు వచ్చి తరిమాడు. నాన్న కల్లాల మీదుగా పరిగెత్తి, కాలువ కట్టెక్కి, అవతల పత్తిచేలో తెల్లవార్లూ పడుకున్నాడు. పొద్దున ఇల్లు చేరేసరికి ఆయన అరికాళ్ళ పగుళ్ళలో మిరప ఘాటు ఎక్కి కాళ్ళు వాచిపోయాయి. అమ్మ మజ్జిగతో కడుగుతుంటే పళ్ళు బిగించి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి ఊళ్ళో ఒక మాట తయారైంది. ప్రెసిడెంటు ఒక్కడే పోయి తరిమితే, మునసబు కొడుకు చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడని. ఆ చెప్పుల జత తెచ్చి పంచాయతీ ఆఫీసు గుంజకి వేలాడదీశారు. పల్నాడులో కల్లం చేసినవాడెవడికైనా తెలుసు, కాయ మీదకి చెప్పులతో ఎవరూ పోరు. గట్టు మీద విడిచి లోపలికి వెళతారు. నాన్న చెప్పులు అక్కడ ఉన్నది అందుకే. ఆ సంగతి తెలిసిన రైతులే ఆ గుంజ కింద నిలబడి నవ్వారు.

ఏడాది తిరక్కుండా మేము నరసరావుపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నాం. నాన్న ఒక పత్తి మిల్లులో గుమాస్తా. ఒకసారి, నాకు పద్నాలుగేళ్ళప్పుడు, అన్నం తింటూ ఆయనే ఎత్తాడు ఆ మాట.

"ఒక్కడు కాదురా. చానామంది వచ్చారు."

"ఎంతమందైతే ఏంది? పరిగెత్తావుగా," అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ రాత్రి గురించి పోయేదాకా మళ్ళీ మాట్లాడలేదు. ప్రెసిడెంటు నా చేత అనిపించిన మాటల్లో అది అన్నిటికంటే చెడ్డది. దానికి కూడా ఆయన బాకీ ఉన్నాడనే నేను లెక్కేసుకున్నాను.

నేను నరసరావుపేటలోనే పెళ్ళి వీడియోలతో మొదలుపెట్టి హైదరాబాదు చేరి కెమెరామన్ అయ్యాను. చీకట్లో బాగా తీస్తాడని పేరొచ్చింది. నిరుడు మిరప కోతలకు ముందు ప్రెసిడెంటు కొడుకు ఫోన్ చేశాడు. తండ్రి కథ సినిమాగా తీస్తున్నాడట, తండ్రి వేషం తనే వేస్తున్నాడట.

"కల్లం సీను ఉందన్నా. నాన్న ఒక్కడే తరిమే సీను. మునసబు గారి మనవడే తీశాడంటే ఊళ్ళో బాగుంటదని నాన్నే అన్నాడు," అన్నాడు. వెనక ఎవరో నవ్వడం వినబడింది.

"వస్తాను," అన్నాను.

మా తండ్రి పారిపోవడం మా చేతే తీయించి, మా పేరు దాని కింద వేసి, ఊరికి చూపించాలని వాళ్ళ సరదా. సరే అనుకున్నాను. తరుము సీనులో ఎవడు మొగాడు, ఎవడు పిరికివాడు అన్నది కథ రాసినవాడి చేతిలో సగమే ఉంటుంది. మిగతా సగం లెన్సు చేతిలో ఉంటుంది.

అది ఎలాగో చెబుతాను. పొడుగు లెన్సు పెట్టి దూరం నుంచి తీస్తే, మన వైపు పరిగెత్తి వచ్చేవాడు ఎంత పరిగెత్తినా దగ్గరికి రాడు. కాళ్ళు ఆడుతుంటాయి, చేతులు ఊగుతుంటాయి, దారి మాత్రం తరగదు. ముందూ వెనకా ఉన్నవి ఒకదాని మీద ఒకటి అతుక్కుపోతాయి. అదే వెడల్పు లెన్సు పెట్టి మనిషికి రెండు మూడు గజాల్లో మనమూ పరిగెడితే, పక్కన ఉన్న గుంజలు, మొక్కలు సర్రున వెనక్కి పోతాయి, చూసేవాడికి తనే పరిగెడుతున్నట్టు గుండె కొట్టుకుంటుంది. పరిగెత్తేవాడికి ఆయాసం ఎక్కువుంటే ప్రేక్షకుడు అతని పక్షానికి వెళతాడు.

కాబట్టి నా మొదటి ఎత్తు చిన్నదే. నాన్న వేషగాడిని వెడల్పు లెన్సుతో దగ్గరగా, ప్రెసిడెంటు కొడుకుని పొడుగు లెన్సుతో దూరంగా. వాడు ఎంత ఆవేశంగా పరిగెత్తినా ఒకేచోట తొక్కుతున్నట్టు కనబడాలి. వెనక నుంచి పెద్ద లైటు, ముందు చీకటి. ఆకారం తప్ప మొహం ఉండదు. దాని మీద తెల్లచొక్కా.

తెల్లచొక్కా రాత్రి సీనుకి శత్రువు. లైటు తగలగానే అదొక్కటే మండిపోతుంది, మొహం దాని పైన మసిబొగ్గులా మిగులుతుంది. అందుకే మా పనిలో తెల్లబట్టల్ని టీ డికాషన్‌లో ముంచి ఆరేస్తారు. కంటికి తెలుపే, కెమెరాకి కొంచెం చల్లబడుతుంది. కాస్ట్యూమ్స్ చూసే ఆయన గిన్నెలో డికాషన్ కాచుకుని చొక్కా అడిగితే ప్రెసిడెంటు కొడుకు కళ్ళెర్రజేశాడు.

"మా నాన్న తెల్లచొక్కా అంటే జిల్లా మొత్తం తెలుసు. దాన్ని టీలో ముంచుతావా? రేపు బిస్కెట్టు కూడా ఇస్తావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. కాస్ట్యూమ్స్ ఆయన నావైపు చూశాడు, నేను చెబితే వింటారని. నేను నోరు మెదపలేదు. మండనీ అనుకున్నాను.

షూటింగ్ ఊరి బయట నిజమైన కల్లాల్లోనే. చంద్రుడి వెలుగులా నీలం లైటు వేయమన్నాడు డైరెక్టరు. ఆయన హైదరాబాదు మనిషి, మర్యాదస్తుడు, మా ఊరి గొడవలు ఆయనకు పట్టవు. నీలం వెలుగులో మిరపకాయ నల్లగా బొగ్గు పరిచినట్టు ఉంటుందని ఒక లైటు వెలిగించి చూపించాను. కాపలా పాకల దగ్గర రైతులు కట్టుకునే పసుపు వెలుగు బల్బుల్లాంటివి వరసగా గుంజలకి కట్టించాం. అప్పుడు కల్లం ఎరుపు లేచింది. పొగ మిషన్ అక్కరలేకపోయింది. పదిమంది నడిస్తే చాలు, కాయ చితికి ధూళి లేచి బల్బుల చుట్టూ ఎర్రటి మంచులా ఆగింది. యూనిట్టంతా తుమ్ములూ దగ్గులూ. ఊరివాళ్ళు మాత్రం మూతికి తువ్వాలు కట్టుకుని మమ్మల్ని చూసి జాలిపడ్డారు.

రిహార్సల్‌కి ముందు ప్రెసిడెంటు మనుషులు వచ్చారు. అరవై దాటినవాళ్ళు కొందరు, యాభైల్లో ఉన్నవాళ్ళు కొందరు, అందరూ తెల్లచొక్కాల్లో. వాళ్ళూ సీనులో ఉండాలట. కాగితం మీద తరిమేవాడు ఒక్కడే. ప్రెసిడెంటు కొడుకు వాళ్ళను కాదనలేడు. మళ్ళీ ఎన్నికలు వస్తే తిరగాల్సింది వాళ్ళే. నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"వెనకాల దూరంగా పెడదాం అన్నా. మసక మసగ్గా కనబడతారుగా?"

"లెన్సుని బట్టి," అన్నాను. ఆ క్షణానికి అది నిజమైన జవాబే. నేను అనుకున్న పొడుగు లెన్సులో వాళ్ళు నీడల్లా కూడా మిగలరు.

అసిస్టెంట్ డైరెక్టరు వాళ్ళను మోటారు షెడ్డు దగ్గర ఒక వరసలో నిలబెట్టాడు. అంతే, గొడవ మొదలైంది. చేతికర్ర పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వరసలోంచి బయటికొచ్చాడు.

"ఏంది సార్, నన్ను ఈ మూలకి తోశారు? ఆ రోజు ప్రెసిడెంటన్న కుడిపక్కన ఉండింది నేను."

ఏ రోజని అడగబోయి ఆగాను.

"నువ్వెక్కడ ఉండావు మావా?" అన్నాడు బట్టతల ఆయన. "నువ్వు ఈ షెడ్డు కాడ పంచె సర్దుకుంటా ఉండిపోయావు. అన్న పక్కన నేను."

"నీకు అప్పటికి మీసాలు కూడా రాలేదు."

"మీసాలు లేకపోతే కాళ్ళుండవా? కాలువ కట్ట దాకా తరిమింది ఎవడు? చెప్పు మరి, నీ కొడుకు మీద ఒట్టేసి చెప్పు."

"ఒరేయ్, కట్ట మీద ఉండింది మేమిద్దరం," అని వెనక నుంచి ఇంకొకాయన. "అడ్డం కొడదామని ముందే పోయాం. చీకట్లో మునసబు కొడుకు మా మధ్యలోంచే దూసుకుపోయాడు గదా!"

"పట్టుకోలేకపోయామని కూడా చెప్పు, సిగ్గులేకపోతే!"

మళ్ళీ నవ్వులు. నేను కెమెరా పక్కన పెట్టె మీద కూర్చుని ఉన్నాను. లేచి నిలబడ్డాను.

"మీ ఇష్టం," అన్నాను వాళ్ళతో. "ఆ రోజు ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడే నిలబడండి. నాకు అదే కావాలి."

నిలబడ్డారు. తగువులాడుకుని, చేతులు పట్టి లాక్కుని, ఒకరినొకరు సర్దుకుని ఎవరి చోటు వాళ్ళు పట్టుకున్నారు. ఇద్దరు షెడ్డు దగ్గర, నలుగురు కల్లానికి ఎడమ పక్క బాటలో, ఇద్దరు కాలువ కట్ట మీద, ఇద్దరు ప్రెసిడెంటు కొడుకుకి అటూ ఇటూ. చివరికి నలభై ఏళ్ళ మనిషి ఒకడు మొహమాటపడుతూ వచ్చాడు. "మా అన్న చచ్చిపోయాడు సార్. ఆయన చోట నేను నిలబడొచ్చా? పాక వెనకాల." పెద్దమనిషి అతని భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళి పాక వెనక నిలబెట్టాడు.

లెక్కపెట్టాను. ప్రెసిడెంటు వేషం కాక పదకొండు మంది. ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులు గట్టు మీద విడిచి కాయలోకి దిగారు. పదకొండు జతలు వరసగా ఉన్నాయి. వాటిని విడిగా ఒక షాట్ తీసి పెట్టుకున్నాను.

పొడుగు లెన్సు పెట్టెలో పెట్టేయమన్నాను.

డైరెక్టరుతో చెప్పింది పనికి సంబంధించిన మాటే. ఒక్కడు తరిమితే పోట్లాట, ఇంతమంది నాలుగు పక్కల నుంచి వస్తే వేట, చూసేవాడికి ఊపిరాడదు అన్నాను. ఆయనకు వెంటనే నచ్చింది. ఇక నా పని. ఇరవై నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు లెన్సు. దాని లోపల వెలుగు దూరే కన్నాన్ని రెండు అంకె దగ్గర వెడల్పుగా తెరిచి పెడితే దగ్గరివాడి మొహం ఒక్కటే స్పష్టంగా ఉండి వెనకవాళ్ళు కరిగిపోతారు. నాలుగు అంకె దాకా మూసి చిన్నది చేశాను. ముందు మనిషి నుంచి కాలువ కట్ట దాకా ఎవరూ మసకబారరు. కానీ దానికి నాలుగింతల వెలుగు కావాలి. వెనక లైటు తగ్గించి, రెండు పెద్ద లైట్లు ముందు పక్కలకి, తాటిచెట్టంత ఎత్తుకి ఎత్తించాను. ఛాతీ దగ్గర వెలుగు తెగిపోయేట్టు నల్లగుడ్డలు అడ్డం కట్టించాను, మొహాలకి తగలాలి, చొక్కాలు మండకూడదు. ఒక గంట ముందు మండనీ అనుకున్న తెలుపే ఇప్పుడు నాకు పనికొచ్చింది. ఆ చీకట్లో ఒక్కో తెల్లచొక్కా ఒక్కో మనిషి. చిన్నపిల్లలు కూడా లెక్కపెట్టొచ్చు.

లైట్లు వేసే పెద్ద మేస్త్రి విసుక్కున్నాడు. "ఏంది సార్, తరుము సీనుకి ముందు నుంచి ఇంత వెలుగా? పెళ్ళి ఫోటోలాగా ఉంటది."

"అదే కావాలి," అన్నాను. "ఎవరు వచ్చారో తెలియాలి."

నాన్న వేషగాడు ఫైటర్, చురుకైన మనిషి. టాపు లేని జీపు వెనక కెమెరా పట్టుకుని నేను, నాకు రెండు గజాల్లో అతను. జీపుకి కట్టిన చిన్న లైటు అతని మొహం మీద. యాక్షన్ అనగానే మిరప ధూళి లేచింది, వెనక పక్క నుంచి, ఎడమ నుంచి, పాక చాటు నుంచి తెల్లచొక్కాలు విరుచుకుపడ్డాయి. అరుపులు ఎవరూ నేర్పినవి కావు. "పట్టండ్రా! కట్ట మీదకి పోతన్నాడు!" అరవై ఏళ్ళవాళ్ళు ముప్పై ఏళ్ళ కిందటి గొంతులతో అరిచారు. ఫైటర్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసి నిజంగానే జడుసుకున్నాడు. ఆ మొహం నా కెమెరాలో ఉంది. భయపడ్డ మొహం. నేను దాన్ని దాచలేదు. దాని చుట్టూ పదకొండు మంది ఉన్నారు, భయపడకపోతే అబద్ధం.

నాలుగు టేకులు తీశాను. ఒకటి చాలు, కానీ ప్రతి మొహమూ ఏదో ఒక టేకులో కెమెరాకి ఎదురుగా పడాలని తీశాను.

మానిటర్‌లో వేసి చూపిస్తే ప్రెసిడెంటు కొడుకు తనను తను చూసుకున్నాడు. వేషం కట్టినవాళ్ళు అంతే చూస్తారు. "ఇరగదీశానన్నా," అన్నాడు. అతని వెనక మనుషులు ఫోన్లు ఎత్తి మానిటర్‌ని వీడియో తీసుకున్నారు. ఎవడి మొహం వాడు వేలితో చూపించుకున్నాడు. తెల్లారేసరికి పదకొండు మంది వాట్సాప్ స్టేటస్‌లలో అది ఉంది. కింద రాతలు కూడా ఉన్నాయి. "ఆనాటి కల్లం రాత్రి. అన్న వెంట నేను."

నేను ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. చెప్పే పని వాళ్ళే చేశారు. సత్తెనపల్లి బస్టాండు పక్క టీకొట్టులో మూడో రోజు నా చెవులతో విన్నాను.

"ఒక్కడే తరిమాడన్నారుగా ఇన్నేళ్ళూ?"

"ఒక్కడా? డజను మంది ఉన్నారు ఫోన్లో. మా పెదబావే ఉన్నాడు."

"డజను మంది కలిసి కూడా పట్టుకోలేకపోయారా? మునసబు కొడుకు గట్టోడేరా!"

ఆ టీ నాకు ఇంకా రుచిగా గుర్తుంది.

వారం తర్వాత ప్రెసిడెంటు కబురు పంపాడు. వెళ్ళాను. వరండాలో ఆ పదకొండు మందిలో ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. లోపల ఆయన పడక్కుర్చీలో, కొడుకు పక్కన నిలబడి. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. ఆ ఇంట్లో కూర్చోవడం మాకు అలవాటు లేదు.

"అంతమందిని ఎందుకు చూపించావు?"

"మీవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో అక్కడే తీశానండి."

"తీసేయమని డైరెక్టరుకి చెబుదామనుకున్నా." ఆగాడు. బయట వరండా వైపు చూశాడు. "ఈళ్ళు ఊరుకోరు. ఒకడి మొహం పోతే ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చుంటారు. ఆ చచ్చినోడి పెళ్ళాం నిన్న వచ్చి మా మరిది మొహం ఉంటదిగా అని అడిగి పోయింది."

అంతలో మెత్తబడ్డాడు. ఆయన మెత్తబడటం నేను పుట్టాక అదే చూడటం.

"ఒక పని చెయ్యి అబ్బాయ్. సినిమా గదా, గుంపు ఉంటే బాగుంటదని నువ్వే పెట్టావని చెప్పు. నలుగురిలో ఒక్క మాట. మీ తాత నాకూ పెద్దాయనే."

మా తాత పేరెత్తి అడిగాడు. మా నాన్న చెప్పులు గుంజకి కట్టించిన మనిషే. నాకు జాలి కలగలేదు.

"నేను పెట్టలేదండీ. ఆ మాట నేను అంటే ఆ పదకొండు మందీ అబద్ధాలకోరులవుతారు. మీ మనుషుల్ని మీ ఇంట్లో నిలబడి నేను అట్టా అనగలనా?"

కొడుకు ముందుకొచ్చాడు. "నీ పేరు టైటిల్స్‌లో లేకుండా చేస్తా!"

"చెయ్యి. నాకు అక్కడ పేరు అక్కర్లేదు."

ప్రెసిడెంటు కొడుకుని చెయ్యెత్తి ఆపాడు. "ఆ సీను ఉండనీయ్," అన్నాడు చివరికి, ఎటో చూస్తూ.

బయటికి వస్తుంటే చేతికర్ర పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "మా మొహాలు ఉంచుతారా సార్?"

"ఉంచుతాను. ఒక్కటి కూడా పోదు."

"చానా మంచోరు మీరు," అన్నాడు మనస్ఫూర్తిగా.

పేరు తీసేశారు. రంగులు సరిచేసే పని మాత్రం ఒప్పందం ప్రకారం నాదే, అది వాళ్ళకు గుర్తులేదు. హైదరాబాదులో ఆ చీకటి గదిలో రెండు రోజులు కూర్చుని ఆ సీను ఒక్కో ఫ్రేమూ చూశాను. ఫైటర్ మొహం, షెడ్డు దగ్గర ఇద్దరు, బాటలో నలుగురు, కట్ట మీద ఇద్దరు, అటూ ఇటూ ఇద్దరు, అన్నీ బాగా ఉన్నాయి. పాక వెనక నుంచి వచ్చేవాడి మొహం మీద గుంజ నీడ పడి కొంచెం నల్లబడింది. మిషన్ దగ్గర కూర్చున్న అమ్మాయి, ఆ మూలవాడిని ఎవరు చూస్తారు సార్, వదిలేద్దాం అంది.

వద్దమ్మా, అతని మొహం మీద వెలుగు కొంచెం పైకి లేపు అన్నాను. ఇంకొంచెం. కళ్ళు కనబడేదాకా.